స్కోపు కింద గారెల నూనె

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, పైకి రాదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం తక్కువ, తిట్టడం ఎక్కువ. ఇంట్లో గ్లాసు పగిలితే పగలగొట్టిందెవరో తేలేదాకా అన్నం పెట్టేదాన్ని కాదు. అలాంటిదాన్ని నా తప్పొకటి ఇన్నేళ్లు దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

మాది దివిసీమ. ఉప్పుగాలికి ఇనుప వస్తువేదైనా వారం తిరక్కుండా తుప్పు పడుతుంది. కత్తిపీట, గునపం, తలుపు గొళ్లెం, అన్నిటినీ శనివారం శనివారం నూనెగుడ్డతో తుడవడం మా అత్తగారు నేర్పిన అలవాటు. దానికి కొత్త నూనె ఎవరు పోస్తారు? గారెలు వేగాక మూకుడు అడుగున మిగిలే నల్లనూనె సీసాలో పోసి ఉంచుతాను.

మా ఆయనకు ఒక ఎయిర్ గన్ ఉంది. పిట్టల్ని కొట్టరు. చేపల చెరువు అవతలి గట్టున రేకు డబ్బా వేలాడదీసి దాన్ని కొడతారు. ఆ చప్పుడుకు నీటికాకులు లేచిపోతాయి. డబ్బా కంటికి సరిగ్గా ఆనడం లేదంటే, దూరాన్ని దగ్గరగా చూపించే స్కోపు తెచ్చి తుపాకీ మీద బిగించింది యోహాను గారు. బందరులో సైకిల్ రిపేరు షాపు ఆయనది. మా ఆయనా ఆయనా ఒకే బల్ల మీద చదువుకున్నారు, ఒకరినొకరు బావా అనుకుంటారు. నాకు అన్నయ్య వరస. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి మా ఇంటికి భోజనానికి వచ్చేవారు.

మొదటి వారం డబ్బా జల్లెడైపోయింది. రెండో వారం నుంచి గురి తప్పింది. ఒక గుండు కుడికి, ఒకటి పైకి. ఒకటి పక్కవాళ్ల కొబ్బరి బొండంలో దిగింది. అన్నయ్యగారు గుళ్లు మార్చి చూశారు. ఊకబస్తా మీద తుపాకీ ఆనించి కొట్టి చూశారు. చివరికి షాపుకు తీసుకెళ్లి, స్కోపు ఊడదీసి, అంతా పెట్రోలుతో తుడిచి మళ్లీ బిగించారు. అక్కడ పదికి పది తగిలాయి. తుపాకీ ఇంటికి వచ్చింది. శనివారమూ వచ్చింది. మళ్లీ తప్పింది. ఇలా మూడుసార్లు.

ఇనుమే కదా అని, మా ఆయన చెరువు దగ్గరికి వెళ్లినప్పుడు తుపాకీని కూడా నేను తుడిచేదాన్ని. రూపాయి బిళ్లతో స్క్రూలు వదులు చేసి, స్కోపు కూర్చునే గాడిలో కూడా నూనె పట్టించి, మళ్లీ బిగించేదాన్ని. పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. పేల్చినప్పుడల్లా తుపాకీ వెనక్కి తన్నుతుందనీ, ఆ జిడ్డు మీద స్కోపు కొంచెం కొంచెం జారుతుందనీ నాకేం తెలుసు?

తెలిసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. అన్నయ్యగారు అరుగు మీద మా ఆయన పక్కన కూర్చుని స్కోపు ఊడదీసి, గాడిలో వేలు పెట్టి వాసన చూశారు. నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డాను.

"గారెల వాసనొస్తందేంటి బావా? ఇంత నూనె పూస్తే స్కోపు నిలబడుద్దా, జారిపోద్ది గానీ."

"నేను చుక్క నూనె ముట్టలేదు. దాన్ని ఊడదీసేది నువ్వొక్కడివేగా."

"అంటే నేను పూశానంటావా?"

"మరి తుపాకీ గారెలు వండుకుందా?"

నవ్వొచ్చే మాటే. ఇద్దరూ నవ్వలేదు. అన్నయ్యగారు ఒక్కసారి నా వైపు చూశారు. ఆయనకు తెలిసిపోయిందా? మా ఇంటి గారెలు తిన్న మనిషి, ఆ వాసన పోల్చుకోలేరా? తెలిసే నా పరువు కాపాడారా? నోరు తెరవాల్సింది అప్పుడే. తెరిచాను కూడా. "కాఫీ చల్లారిపోతోంది" అన్నాను.

ఆయన కాఫీ ముట్టకుండా లేచి బస్సుకు వెళ్లిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆ రోజే గాడి శుభ్రంగా తుడిచేసి, తుపాకీ జోలికి వెళ్లడం మానేశాను. తప్పు దిద్దుకున్నానని అనుకున్నాను. మా ఆయన తానే స్కోపు బిగించుకున్నారు. గురి కుదిరింది. "ఇప్పుడు చూడండి, వాడి చెయ్యి పడకపోయేసరికి ఎంత బాగా పనిచేస్తోందో" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకొచ్చారు. నేను ఆ పని మానడమే అన్నయ్యగారి మీద సాక్ష్యమైంది.

ఎందుకు చెప్పలేదు? మా ఆయన కొడతారా, తిడతారా? నవ్వుతారు, అంతే. ఇంటిల్లిపాదినీ గడగడలాడించే నన్ను చూసి కోడళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వుకు జడిసి ఒక మంచి మనిషిని దొంగను చేశాను.

పెళ్లిళ్లలో ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుంటారు, పలకరించుకోరు. మొన్న ఉయ్యూరు పెళ్లిలో మా ఆయన వడ్డించేవాణ్ణి పిలిచి, ఆ చివరాయనకు పెరుగు వెయ్యమన్నారు, పెరుగు లేనిదే ఆయన లేవడన్నారు. అన్నయ్యగారు తల ఎత్తలేదు, పెరుగు మాత్రం రెండుసార్లు వేయించుకున్నారు.

నూనె పూసింది నేను. యోహాను అన్నయ్యగారు కాదు.

రాసేశాను. మా ఆయన ఏమంటారో, అన్నయ్యగారు మళ్లీ వస్తారో రారో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ గొంతు మాత్రం తేలికపడింది.

పక్కగదిలోంచి మా ఆయన ఏం రాస్తున్నావని రెండోసారి అడుగుతున్నారు. మొదటిసారి సరుకుల చీటీ అన్నాను.

ఇప్పుడు, వచ్చి చదవండి అన్నాను.