కనకవ్వ భయం

టిక్, టిక్, టిక్. కాసేపు ఏమీ వినపడదు. ఆ తర్వాత భుస్సుమని మంట అంటుకుంటుంది. జనగామలో మా ఇంటి వెనక గోడకు ఆరుబయట బిగించిన గ్యాస్ గీజర్ చలికాలం ఉదయాల్లో చేసే చప్పుడు ఇది. స్నానాల గదిలో నా భార్య పద్మ నల్లా తిప్పగానే, బయట గీజర్ దానంతట అదే వెలుగుతుంది. టిక్కుటిక్కుకీ భుస్సుకీ నడుమ ఉన్న ఆ కాస్త ఖాళీలో నా చేతిలోని పేపరు పేజీ తిరగదు. విలేకరిగా పనిచేసినన్నాళ్లూ వరదనీళ్లలో నడిచాను, లాఠీల మధ్య నిలబడి రాసుకున్నాను. అప్పుడు కూడా భయం ఇంత దగ్గరగా వచ్చి కూర్చోలేదు. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. భూపాలపల్లిలో కనకవ్వ అనే ఆమె దగ్గర నేర్చుకున్నది.

భూపాలపల్లికి బదిలీ అయినప్పుడు కనకవ్వ ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాం. ఆమె భర్త రాజయ్య బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. కింద వాళ్లిద్దరు, పైన మేమిద్దరం. కనకవ్వ సన్నగా, పొడుగ్గా ఉండేది. ఆమె కళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి ఒలికిపోబోతున్నట్టు చూసేవి. కుక్కర్ కూత పెడితే వంటింట్లోంచి ఇవతలికి వచ్చి నిలబడేది. వాన పడితే కరెంటు స్తంభానికి దూరంగా, బురదలో చుట్టూ తిరిగి నడిచేది. వాడలో ఆమెను భయాల కనకవ్వ అనేవారు. ఎదురుగానే అనేవారు.

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు రాజయ్య నవ్వుతూ, "సారూ, కిరాయి ముచ్చట తర్వాత. ఈమె భయాలు భరిస్తరా, ముందుగాల అది చెప్పుండ్రి" అన్నాడు.

కనకవ్వ చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "నువ్వు బాయిలకెల్లి రోజు ఇంటికొచ్చినవంటే నా భయంతోనొచ్చినవ్. నీ ధైర్నంతోని కాదు."

ఆమె పెట్టిన షరతు ఒకటే. స్నానాల గదికి లోపల గడియ ఉండదు. ఆమె ఎప్పుడో పీకించేసింది. లోపల మనిషి ఉన్నట్టు గుర్తుగా తలుపు మీద తువ్వాల వేలాడాలి. బయటినుంచి ఎవరైనా "ఉన్నవా?" అని అడిగితే, లోపలి మనిషి "ఉన్న" అనాలి. ఇదేం పద్ధతి అని పద్మ మొదట్లో సిగ్గుపడింది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత రాజయ్యే చెప్పాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు బాయిలో ఒకసారి కప్పు కూలింది. కనకవ్వ మిగతా ఆడవాళ్లతో కలిసి బాయి మోకాన, మనుషులు పైకొచ్చే చోట నిలబడింది. బయటికొచ్చిన మనుషులందరూ బొగ్గుతో ఒకే రంగులో ఉన్నారు. ఎవరు ఎవరో తెలియలేదు. ఆమె ఒక్కొక్కరి ముందూ నిలబడి "ఉన్నవా?" అని అడుగుతూ పోయింది. చివరికి ఒక నల్లటి ముఖం "ఉన్న" అంది. అప్పటినుంచి రాజయ్య షిఫ్టు దిగి వచ్చినప్పుడల్లా, గేటు తీస్తూనే ఆమె అడగకముందే "ఉన్న" అనేవాడట. రిటైరయ్యాక కూడా, పాలప్యాకెట్టుకు పోయి వచ్చినా సరే, ఆ మాట అనే లోపలికొచ్చేవాడు.

ఆ ఏడు చలి గట్టిగా పట్టింది. పొద్దున పూట కరెంటు సరిగా ఉండేది కాదు. అందుకని గ్యాస్ గీజర్ కొన్నాం. దుకాణం నుంచి వచ్చిన మెకానిక్ దాన్ని స్నానాల గది లోపలి గోడకే బిగించబోయాడు. మెట్ల మీదినుంచి కనకవ్వ చూసింది.

"పొయ్యిని తీస్కపోయి తానం చేసే అర్రల పెడ్తరా? గాలెట్ల ఆడాలె?"

"అందరిండ్లల్ల గిట్లనే ఉన్నయి అవ్వా. పైన కిటికి ఉన్నది గదా, ఏం గాదు" అన్నాడు మెకానిక్.

"ఏం గాదు అన్నోన్నే బాయి ముందుగాల మింగుతది" అందామె. ఆపైన ఆ మెకానిక్‌ను కదలనివ్వలేదు. గ్యాస్ కారితే ఎట్ల తెలుస్తది? సబ్బు నురగ పైపు మీద రాస్తే బుడగలొస్తయి. కారుతున్నట్టు వాసనొస్తే? ముందుగాల సిలిండర్ కాడ బంద్ చెయ్యాలె, తలుపులు తియ్యాలె, లైటు స్విచ్చు వెయ్యొద్దు, తియ్యొద్దు. టిక్కుటిక్కుమని అంటుకోకపోతే? మళ్లమళ్ల తిప్పొద్దు, ఆగాలె, లోపలి బ్యాటరీలు మార్చాలె. మంట ఏ రంగుండాలె? నీలం. పసుపుపచ్చగా మారితే? వాడొద్దు, మమ్ముల పిలువుండ్రి. మెకానిక్ చెమటలు తుడుచుకున్నాడు. "అవ్వా, కలెక్టర్ కూడ గిన్ని అడగడు" అన్నాడు. చివరికి గీజర్‌ను లోపలే బిగించనిచ్చి, ఆమె తన సొంత తీర్పు చెప్పింది. బకెట్లో నీళ్లు నింపుకోవాలి, గీజర్ ఆర్పేయాలి, ఆ తర్వాతే స్నానం. పైన ఉన్న వెంటిలేటర్ ఎప్పుడూ తెరిచే ఉండాలి.

కానీ ఆ వెంటిలేటర్‌కు వేరే శత్రువులున్నాయి. మా జిల్లాల్లో ఉన్నవాళ్లకు కోతుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. అవి ఊళ్ల మీద పడ్డాక చేనుకూ ఇంటికీ తేడా పోయింది. ఒకరోజు ఒక కోతి వెంటిలేటర్లోంచి దూరి సబ్బు, షాంపూ, పద్మ పట్టీలు ఎత్తుకుపోయింది. ఇంకోరోజు ఏకంగా కింద వంటింట్లోకి దిగి కనకవ్వను చూసి పళ్లికిలించింది. ఆమె ఆ రోజంతా వణికింది. భార్య వణుకు చూడలేక, ఆమె చుట్టాలింటికి వెళ్లిన రోజున రాజయ్య నిచ్చెన వేసుకుని ఇంటి వెంటిలేటర్లన్నిటికీ వెనకవైపు నుంచి రేకులు కొట్టేశాడు. కింద వాటికీ, పైన వాటికీ. లోపలినుంచి చూస్తే గాజు పలకలు ఎప్పటిలాగే ఉన్నాయి. కాస్త వెలుతురు తగ్గింది, చలిగాలి తగ్గింది. మాకు ఇంకా హాయిగానే అనిపించింది. భూమి అడుగున గాలి ఆడని చోట కాలు పెట్టని మనిషి, ఇంటి గాలిని చేతులారా మూశాడు. బాయిలో గ్యాస్ బాయిలోనే ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ తర్వాత పద్మకు స్నానం కాగానే తలనొప్పి వచ్చేది. చలికి అనుకున్నాం. తడి జుట్టుకు అనుకున్నాం. "మీ అవ్వ భయాలు నాకూ అంటుకున్నట్టున్నయి" అని పద్మ నవ్వింది.

ఒక ఆదివారం పొద్దున పద్మ తలకు కుంకుడుకాయలు పెట్టుకుంది. పొడుగు జుట్టు, నురగ పోవాలంటే నీళ్లు ధారగా కావాలి. బకెట్ సరిపోలేదేమో, గీజర్ ఆర్పలేదు. నేను బాల్కనీలో నిలబడి ఫోన్లో డెస్కుకు వార్త చెబుతున్నాను. కనకవ్వ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తువ్వాల కనపడ్డప్పటి నుంచీ అలవాటుగా అడుగుతూనే ఉంది.

"ఉన్నవా బిడ్డా?"

"ఉన్న అవ్వా."

నీళ్ల చప్పుడు. నా వార్తలో ఏదో పేరు డెస్కు వాళ్లకు అర్థం కాలేదు, అక్షరం అక్షరం చెబుతున్నాను.

"పద్మా, ఉన్నవా?"

"ఉ... న్న."

నేను ఆ జవాబు విన్నాను. నా చెవికి అందులో తేడా ఏమీ లేదు, జవాబు జవాబే. కనకవ్వ చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. "మాట మొద్దువడ్డది సారూ, మాట మొద్దువడ్డది!" అంటూ లేచింది. జీవితమంతా మెట్లు పట్టుకుని ఎక్కిన మనిషి ఆ రోజు రెయిలింగ్ ముట్టుకోలేదు. తలుపు తోసింది. గడియ లేదు కాబట్టి తెరుచుకుంది. పద్మ గోడకు ఆనుకుని, కాళ్లు మడతపడి, కూర్చోవడానికీ పడిపోవడానికీ మధ్య ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ అవి మమ్మల్ని చూడటం లేదు. గీజర్ ముందువైపు ఉండే చిన్న గాజు కిటికీలో మంట పసుపుపచ్చగా ఊగుతోంది. ఏ వాసనా లేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. కుంకుడుకాయ వాసన తప్ప ఆ గదిలో ఏమీ లేదు.

"ఊపిరి వట్టుకొని దూరు, చంకల చేతులేసి గుంజు!" అని అరిచింది కనకవ్వ. నేను పద్మను బాల్కనీలోకి లాక్కొచ్చాను. ఆమె తన చీర కొంగు విప్పి పద్మ మీద కప్పింది. కింద రాజయ్యకు వినపడేట్టు "సిలిండర్ బంద్ చెయ్యి!" అని కేక పెట్టింది. సిలిండర్ కిందే, మెట్ల పక్కనే ఉండేది. అది కూడా ఆమె పట్టుబట్టి పెట్టించిందే. తర్వాత పద్మ చెంపల మీద తడుతూ కూర్చుంది. "ఉన్నవా? బిడ్డా, ఉన్నవా? పలుకు." ఆమె చేతులు వణుకుతున్నాయి, గాజులు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ధైర్యవంతులు అలా ఉంటారని నేను ఎప్పుడూ రాయలేదు. పద్మ జవాబివ్వలేదు. ఆటో వచ్చేదాకా జవాబివ్వలేదు.

దవాఖానలో మూతికి ఆక్సిజన్ పెట్టారు. డ్యూటీ డాక్టర్ గీజర్ అనే మాట వినగానే తల ఊపాడు. గాలి చాలక మంట సరిగా మండకపోతే పుట్టే విషవాయువు ఇదనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, తలనొప్పి, కళ్లు తిరగడం, కాళ్లు చచ్చుబడటం, ఆ తర్వాత నిద్ర అనీ చెప్పాడు. "కొంచెం ఆలస్యమైతే..." అని ఆగిపోయాడు. వార్తల్లో అలాంటి చుక్కలు నేనెన్నో పెట్టాను. ఆ మూడు చుక్కల్లో ఏముంటుందో ఆ వరండాలో కూర్చున్నప్పుడు తెలిసింది. మధ్యాహ్నానికి పద్మ మాస్కు కింద పెదాలు కదిపింది. కనకవ్వ వంగి చెవి పెట్టింది. లేచి నాతో, "ఉన్నదట" అంది. ఆ తర్వాతే గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి రాజయ్య రేకులన్నీ గడ్డపారతో పెకిలించి వాకిట్లో కుప్ప వేశాడు. ఆ కుప్ప పక్కనే కూర్చున్నాడు. "బాయిల గాలాడని తావుల అడుగు వెట్టకపోతి. ఇంట్ల నేనే మూస్తి గదనే కనకం" అన్నాడు. "జాలీ కొట్టిద్దాం. కోతి రాదు, గాలి ఆగదు" అంది కనకవ్వ, అంతే. గీజర్‌ను విప్పించి బయటి గోడకు, గాలీ వెలుతురూ ఆడే చోట పెట్టించింది. వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికొచ్చేది. ఆ మరునాడు ఎదురింటామె, "భయాల కనకవ్వా, మా బాత్రూం కూడ జర చూసిపో" అని పిలిచింది. అదే పేరు. పిలుపు మాత్రం మారింది.

తర్వాత నాకు మహబూబాబాద్ బదిలీ అయింది. అక్కడ ఒక పొద్దున ఒక ఇంటి ముందు జనం మూగారని తెలిసి వెళ్లాను. కొత్తగా కాపురం పెట్టిన యువకుడు స్నానానికి వెళ్లి బయటికి రాలేదు. తలుపు పగలగొట్టేసరికి అంతా అయిపోయింది. గుండెపోటు అని ఒకరు, ఇంకేదో అని ఒకరు. నేను మాత్రం ఎవరినీ ఏమీ అడగకుండా ఇంటి వెనక్కి నడిచి తల పైకెత్తాను. వెంటిలేటర్‌కు ఒక పాత ఫ్లెక్సీ ముక్క నాలుగు మూలలా మేకులతో బిగించి ఉంది. కోతుల కోసమేనని పక్కింటాయన చెప్పాడు. పోలీసులకు ఆ ముక్క చూపించాను. వార్త రాసి, దాని కింద కనకవ్వ మాటలన్నీ పెట్టి పంపాను. గీజర్ బయటుండాలి, గాలి ఆడాలి, మంట నీలంగా ఉండాలి, తలనొప్పిని చలి మీద తొయ్యకూడదు, లోపలి మనిషిని పిలుస్తూ ఉండాలి. డెస్కులో ఉన్న మిత్రుడు ఫోన్ చేసి "ఇది వార్తా, అవ్వల ముచ్చటా?" అన్నాడు. "రెండూ. కోసేస్తే పై వార్త కూడ తీసెయ్యి" అన్నాను. నా ఉద్యోగంలో డెస్కుతో అలా మాట్లాడింది అప్పుడే.

మహబూబాబాద్‌లో ఉండగానే ఒక మధ్యాహ్నం రాజయ్య ఫోన్ చేశాడు. ముందూ వెనకా ఏమీ లేకుండా, "సారూ, కనకం పలుకుతలేదు" అన్నాడు. వయసు, గుండె. ఎవరి తప్పూ లేని మరణం. మేం వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. రాజయ్య ఆమె తల దగ్గర కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్లకు మంచినీళ్ల కోసమని గేటు దాటి పోయి, బిందెతో తిరిగొస్తూ, గేటు తీస్తూనే "ఉన్న" అన్నాడు. పద్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు మా గీజర్ బయటే ఉంది. వెంటిలేటర్‌కు జాలీ ఉంది. తలుపుకు గడియ లేదు. ఏటా చలికాలం ముందర మెకానిక్ వచ్చి చూసిపోతాడు. భయపడటానికి కారణం ఏదీ మిగల్లేదని నాకు తెలుసు. అయినా తలుపు మీద తువ్వాల కనపడితే నేను అక్కడినుంచి కదలను. పిలుస్తాను. పిలుపుకూ జవాబుకూ నడుమ ఉండే ఆ కాస్త ఖాళీలో కనకవ్వ గాజులు వినపడతాయి.

ఈరోజు ఇదంతా తలుచుకుంటూ కూర్చుని పిలవడం మరిచిపోయాను. నీళ్ల చప్పుడు ఆగింది. లోపలినుంచి పద్మ గొంతు, కొంచెం కంగారుగా వచ్చింది.

"ఏంది, ఇయాల పిలుస్తలేరు? ఉన్నరా?"

పేపరు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, మాట మొద్దుబారకుండా స్పష్టంగా పలికాను.

"ఉన్న."