జగదీష్ తీసేసిన కుళాయిలు

శనివారం పొద్దున్నే మిషిగన్‌లోని ట్రాయ్ తెలుగువాళ్ళు కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని ఉత్తరానికి బయలుదేరారంటే, ఆ రోజు దారి గీసింది జగదీషే అయి ఉంటాడు. కార్ల బ్రేకులు పరీక్షించడం ఆయన ఉద్యోగం. యాభై దాటాక మోకాళ్ళు బ్యాడ్మింటన్ వద్దనేసరికి గ్రావెల్ బైక్ కొన్నాడు. చూడ్డానికి రేసు సైకిల్‌లాగే వంగిన హ్యాండిల్ ఉంటుంది కానీ టైర్లు లావు. కంకర రోడ్లమీదా మట్టి బాటల మీదా పోతుంది. చైన్ మార్చడం, చక్రం వంకర తీయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాడుచేసి నేర్చుకున్నాడు. దారులు గీయడమూ అంతే.

ఆ పనిలో ఆయనకొక నియమం ఉండేది. తాను తొక్కి చూడని దారి ఇంకొకరికి ఇవ్వడు. మొదట్లో ఒకసారి మ్యాప్‌లో గీతను నమ్మి వెళ్తే, అది తిన్నగా ఎవరిదో మొక్కజొన్న చేలో దింపింది. అప్పటినుంచి ముందు తను వెళ్ళి, చూసి, తప్పు గుర్తులన్నీ తీసేసి, ఆ తర్వాతే ఫోన్‌లో దారి చూపే ఫైల్ అందరికీ పంపేవాడు.

“గురూ, నువ్వు గీసిన దారయితే కళ్ళు మూసుకుని తొక్కెయ్యొచ్చు,” అనేవాడు ఆ గుంపులో పాతకాపు సత్యం.

“తెరుచుకునే తొక్కు. గుంతలు నేను పూడ్చలేదు,” అనేవాడు జగదీష్.

మే నెలలో షికాగో నుంచి కూతురు అవని ఫోన్ చేసింది. స్నేహితురాలు సంహితతో కలిసి ఫ్రాన్స్‌లో మోర్వాన్ కొండల్లో సైకిల్ తొక్కబోతున్నానంది.

“నాన్నా, రూట్ నువ్వే గీయి. ఆన్‌లైన్‌లో ఉన్నవన్నీ బోరింగ్. నీ రూట్స్ లాంటి మట్టి రోడ్స్ కావాలి.”

“నేను చూడని చోటమ్మా అది.”

“సో? శాటిలైట్‌లో చూడు.”

కూతురు అడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు. కూర్చున్నాక గానీ తెలియలేదు, అందులో ఉన్న చిక్కు. మిషిగన్‌లో మైలుకో రోడ్డు, గళ్ళ కాగితం మీద గీసినట్టు. ఒక మలుపు తప్పితే తర్వాతి మైలు దగ్గర తిరిగితే సరిపోతుంది. ఆ కొండల్లో రోడ్లకు అలాంటి పద్ధతే లేదు. ఒక బాట అడవిలోకి దూరి రెండయ్యేది, రెండూ కొంతదూరం పోయి మళ్ళీ కలిసేవి. ఒకటి వాగు దగ్గర ఆగిపోయినట్టు కనిపించి, అవతలి ఒడ్డున వేరే పేరుతో మొదలయ్యేది. ఇంత చిన్న కొండకు ఇన్ని బాటలు ఎందుకో, అవి ఎవరు నడిస్తే పడ్డాయో ఆయనకు అర్థం కాలేదు. రాత్రి గీసింది పొద్దున్నే చెరిపేవాడు.

దానికితోడు నీళ్ళ గుర్తులు. ఆయన దారులు గీసే మ్యాప్‌లో తాగునీటి కుళాయి ఉన్నచోట, దాన్ని వాడే జనమే ఒక నీలం చుక్క పెడతారు. ఒక్కో చుక్కనూ జగదీష్ శాటిలైట్ బొమ్మలో పెద్దది చేసి చూశాడు. ఊరి నడుమ ఉన్నవి బాగానే ఉన్నాయి. కానీ చాలా చుక్కలు ఊరి బయట, చుట్టూ గోడ కట్టిన చదరంలో, వరసగా పేర్చిన రాళ్ళ మధ్య ఉన్నాయి. ఆ రాళ్ళేమిటో తెలియడానికి ఆయనకు కాసేపు పట్టింది.

“శ్మశానంలో తాగే నీళ్ళేమిటి?” అన్నాడు.

భార్య వసుమతి కాఫీ కప్పుతో వచ్చి ఆయన భుజం మీదుగా చూసింది. “ఎవరో తప్పుచోట పెట్టి ఉంటారు. తీసెయ్యండి. దాహమేస్తే పిల్లలు అక్కడికి వెళ్తారా ఏంటి?”

తప్పు గుర్తు ఉండేకంటే అసలు లేకపోవడం మేలు. జగదీష్ గోడల మధ్య చుక్కలన్నీ తీసేసి ఫైల్ పంపాడు.

అవనీ సంహితా బయలుదేరిన మూడో రోజు శనివారం. ట్రాయ్‌లో ఇంకా ఎండ ఎక్కలేదు. జగదీష్ గరాజ్‌లో టైరు ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. అక్కడ మిట్టమధ్యాహ్నం దాటింది.

“నాన్నా, ఈ ఊరిలో నీ ట్యాప్ దగ్గర తాగకూడదని బోర్డ్ పెట్టారు,” అంది అవని.

“షాపు?”

“షాప్ లేదు. కేఫ్ క్లోజ్డ్. ఇళ్ళన్నిటికీ కిటికీలు మూసేశారు. నాక్ చేశాను, ఎవరూ రాలేదు. సంహిత వామిట్ చేసుకుంది నాన్నా. తల తిరుగుతుంది అంటోంది. మా దగ్గర వాటర్ అయిపోయింది.”

గోడ నీడలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్న సంహితను ఫోన్ తిప్పి చూపించింది. జగదీష్ టైరు వదిలేసి లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాడు. తన దారిలో తర్వాతి కుళాయి కొండకు అవతల ఉంది. ఆ కొండ ఎంత నిటారో గీసినవాడికి తెలియదా? తను చేయి పెట్టని మొదటి మ్యాప్ తెరిచాడు. చర్చి వెనక, కాస్త ఎత్తున, ఒక నీలం చుక్క ఉంది.

తనే తీసేసిన చుక్క. గుర్తు తప్పని తీసేశాడా, శ్మశానమని తీసేశాడా? అప్పుడు రెండూ ఒకటే అనిపించాయి. ఇప్పుడు విడదీద్దామంటే విడిపోవడం లేదు. నిజంగా తప్పు గుర్తే అయితే, ఆ ఎండలో పిల్లను ఉత్తినే కొండెక్కించినట్టు అవుతుంది.

“అమ్మలూ, సంహితని నీడలోనే ఉంచు. బాటిల్స్ తీసుకుని నువ్వొక్కదానివే చర్చి వెనక రోడ్డెక్కు. ఎడమవైపు గోడ వస్తుంది.”

“ఏముంది అక్కడ?”

“శ్మశానం.”

“సెమెటరీ?”

“లోపల ట్యాప్ ఉండొచ్చు. ఉండకపోవచ్చు. నాకు తెలీదు.”

దారి గురించి ఆ మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. గుమ్మంలో నిలబడ్డ వసుమతి, “ఏ ట్యాపండీ? మనం తీసేసిందా?” అంది. ఫోన్‌లో కంకర మీద అడుగుల చప్పుడు, అవని రొప్పు, ఇనప గేటు కిర్రుమనడం.

“ఇక్కడ మొక్కలకి పోసే డబ్బాలు వరసగా తగిలించారు,” అంది అవని. కాసేపటికి, “ట్యాప్ ఉంది. వస్తోంది నాన్నా.”

“బోర్డేమైనా ఉందా చూడు.”

“లేదు. ఒక గ్రాండ్‌మా పూలకి నీళ్ళు పోస్తుంది. అడుగుతాను, ఆగు.” ఫ్రెంచిలో ఏవో మాటలు వినిపించాయి. “తాగమంటోంది. తను కూడా తాగి చూపించింది.”

“నువ్వు తాగి, సంహిత దగ్గరికి తీసుకెళ్ళు. గటగటా తాగించకు. గుక్క గుక్కగా.”

అరగంట తర్వాత అవని మళ్ళీ ఫోన్ చేసింది. ఆ ముసలావిడ ఇద్దరినీ తన ఇంటికి తీసుకెళ్ళింది. చల్లటి గదిలో సంహిత ఉప్పు బిస్కెట్లు తింటోంది. రాత్రికి అక్కడే ఉండిపొమ్మని కూడా ఆవిడ అంది.

“నాన్నా, ఆ ట్యాప్ నా ఫైల్‌లో ఎందుకు లేదు?”

“తీసేశాను.”

“ఎందుకు?”

జగదీష్ వసుమతి వైపు చూశాడు. వసుమతి లాప్‌టాప్ వైపు చూసింది. “తప్పనుకున్నాం,” అన్నాడు.

“సైకిల్ వాళ్ళందరూ సెమెటరీలోనే ఫిల్ చేసుకుంటారంట. అందరికీ తెలుసంట.”

వసుమతి ఫోన్ అందుకుంది. “అది సరేనే. పడుకునే ముందు తలస్నానం చెయ్యి. అక్కడికెళ్ళి వచ్చావు కదా.”

“చేసేశాను అమ్మా. ఆ ట్యాప్ కిందే తల పెట్టేశా. చాలా హాట్‌గా ఉండింది.”

“ఆ నీళ్ళతోనా?”

“ఆఁ.”

వసుమతి జాగ్రత్తలు చెప్పి ఫోన్ పెట్టేసింది.

“ఏవండీ, అది లెక్కలోకి వస్తుందా?”

“ఏది?”

“ఆ స్నానం. అక్కడికెళ్ళినందుకు చెయ్యాల్సిన స్నానం అక్కడి నీళ్ళతోనే చేస్తే, అయినట్టా, కానట్టా?”

జగదీష్ ఎంత ఆలోచించినా రెండు వైపులా న్యాయమే కనిపించింది. “నాకు తెలీదు వసూ,” అన్నాడు.

“మా అమ్మని అడగనా?”

“అడిగితే, అసలు అక్కడికి ఎందుకు పంపారని మనల్ని అడుగుతుంది.”

వసుమతి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. మిగిలిన రోజుల దారి తెరిచి, తీసేసిన చుక్కలను జగదీష్ మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాడు. గోడ కట్టిన చదరం కనపడ్డప్పుడల్లా వసుమతి వేలు పెట్టి చూపించింది.

“పక్కన ఏమని రాస్తారు? శ్మశానమనే రాస్తారా?”

“రాయాలి కదా. లేకపోతే ఎక్కడని వెతుక్కుంటారు?”

“రాయండి మరి,” అంది. బొమ్మను ఇంకొంచెం దగ్గరికి వంగి చూసి, “గేటు ఏ వైపుందో కూడా రాయండి. ఎండలో గోడ చుట్టూ తిరగకుండా,” అంది.