కల్లంలో వదిలేసిన చెప్పులు

సరిహద్దుల సంగతి మా పెదనాన్నకి తెలిసినంతగా ఊళ్ళో మరెవరికీ తెలియదు. మా చేనుకీ ఆయన చేనుకీ మధ్య ఉన్న గట్టును ఏటా దుక్కి దున్నేటప్పుడు ఒక చాలు మా వైపు జరిపేవాడు. నాన్న అడిగితే, "వానకి మెత్తబడి అదే జరిగిందిరా తమ్ముడూ" అనేవాడు. అంచేత మంచుకొండల్లో చైనావాడు మన ఠాణాల ముందుకొచ్చి, ఖాళీ చేస్తారా కాల్చమంటారా అని మన జవాన్లని బెదిరిస్తున్నాడని వార్తల్లో రాగానే, అందరికంటే ముందు విషయం అర్థమైంది ఆయనకే. ప్రధానమంత్రి ఏం చేయాలో కూడా టీ హోటల్ బల్ల మీద కాలు మీద కాలేసుకుని చెప్పేవాడు.

మా ఊరు గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే రోడ్డు పక్కనే. అప్పటికింకా జిల్లా విడిపోలేదు. ఊరికంతటికీ రేడియో ఆ హోటల్లోనే ఉండేది. సాయంత్రం వార్తలవేళకి పొగాకు పనుల నుంచి, పత్తిచేల నుంచి మగవాళ్ళంతా అక్కడికి చేరేవారు. మా ఇల్లు దాని ఎదురుగానే కాబట్టి, వాకిట్లో అంట్లు తోముకుంటూ దేశరాజకీయమంతా నేను ఉచితంగా వినేదాన్ని.

నాన్న కూడా వెళ్ళేవాడు. ఆయనకి ప్రధాని అంటే దేవుడే. గుమ్మం పైన వేంకటేశ్వరస్వామి పటం పక్కనే ఆ పెద్దాయన పటమూ ఉండేది, అంతకంటే పెద్దది. అమ్మ బతికి ఉన్నన్నాళ్ళు ఈ వరస నచ్చక సణిగేది. అమ్మ పోయాక సణిగేవాళ్ళు లేక రెండిటికీ ఒకే దండ వేసేవాడు నాన్న. అన్నయ్య సైన్యంలో చేరింది కూడా ఆ భక్తి వల్లే. పెళ్ళయిన ఏడాదికే పంపించాడు. వదినది వేటపాలెం అవతల పల్లె. మాట తక్కువ, పని ఎక్కువ. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని నోట్లో నాలుక లేని పిల్ల అనేవారు. ఆ నాలుక ఎక్కడ దాచుకుందో నాకు మాత్రమే తెలుసు.

"బెదిరిస్తుంటే ఉత్తరాలు రాస్తాడేంట్రా మీ పెద్దాయన? నిన్నటిదాకా అన్నదమ్ములన్నాడు. అన్నదమ్ములైతే ఏం, గట్టు గట్టే!" అని పెదనాన్న అరిస్తే హోటలంతా ఘొల్లుమనేది. గట్టు మాట ఆయన నోట వస్తే నాన్న తల దించుకుని టీ తాగేవాడు.

కొన్నాళ్ళకి, శత్రువుని తరిమెయ్యమని సైన్యానికి చెప్పేశానని పెద్దాయన అన్నట్టు వార్త వచ్చింది. ఇక చూడాలి మా ఊరిని! నాన్న బెల్లం పంచాడు. పెదనాన్న నాన్నని కౌగిలించుకున్నాడు. పత్తి తీసే కూలీలు కూడా చైనావాడిని తిడుతూ తీశారు. తాలూకా ఊళ్ళో సభ పెట్టి దేశరక్షణకి బంగారం ఇమ్మంటే, పెదనాన్న వదినని వేదిక ఎక్కించి, జవాను భార్య అని చెప్పి, చేతులకున్న బంగారు గాజులు ఇప్పించాడు. ఆయన భార్య మెడలో గొలుసు మాత్రం పవిట కిందే ఉండిపోయింది. వదిన మెడలో దండ వేశారు, చప్పట్లు కొట్టారు. మట్టిగాజులతో ఇంటికొచ్చింది. "పోనీలే, ఈ చేతులకి అవి బరువే" అంది నాతో.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. రోజుకో కొండ పోయింది. మనవాళ్ళు నూలు బట్టలతో, గుడ్డ బూట్లతో మంచులో నిలబడ్డారని తెలిసింది. పత్తి పండించే ఊరు కదా మాది, నూలు బట్ట ఎంత చలి ఆపుతుందో చిన్నపిల్లలకీ తెలుసు. మొదట పెద్దాయనని తిట్టారు. అది న్యాయమే, నేనూ మనసులో తిట్టాను. కానీ ఢిల్లీ దూరం. తిట్లు అంత దూరం పోలేక దారిలో జవాన్ల మీద పడ్డాయి.

"బూట్లు కూడా వదిలేసి పరిగెత్తారంటరా!"

"మనూరోడు అందరికంటే ముందు పరిగెత్తుంటాడు. చిన్నప్పుడు జామతోటలో చూళ్ళా?"

ఇది విని నవ్వినవాళ్ళలో బెల్లం తిన్నవాళ్ళంతా ఉన్నారు. ఓ పొద్దున గుమ్మం పైన ప్రధాని పటం మీద పేడముద్ద కనబడింది. నాన్న స్టూలెక్కి తడిగుడ్డతో తుడిచాడు. ఓ మూల మరక పోలేదు. తుడుస్తూ ఏడ్చాడు. పటం కోసం ఏడ్చాడో కొడుకు కోసం ఏడ్చాడో నేను అడగలేదు. అన్నయ్య ఆచూకీ తెలియడం లేదని అప్పటికే సైన్యం నుంచి కబురొచ్చింది.

ఆచూకీ తెలియనివాడితో ఊరికి పెద్ద చిక్కు. చచ్చాడంటే వీరుడు, బతికుంటే పిరికివాడు. మధ్యలో ఉంటే ఎటు మాట్లాడాలో తెలియదు. పెదనాన్నకి ఇంకా పెద్ద చిక్కు. ఆయన పంచాయతీ ప్రెసిడెంటు పదవికి నిలబడదామనుకుంటున్నాడు. పెద్దాయన పార్టీవాడే ఎదురు నిలబడుతున్నాడు. ఊళ్ళో ఒక్క జవాను చచ్చినా ఆ పార్టీ నోరు మూతపడుతుంది. మిగతా ఊళ్ళకి శవాలున్నాయి. మా ఊరికి లేదు.

మిరపకాయలు కల్లాల్లో ఎండబోసే రోజులు. పెదనాన్న ఇంటికొచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ, వాడు పోయాడ్రా. ఒప్పుకో. శరీరం దొరకనప్పుడు బొమ్మ చేసి దహనం చేస్తారు, ఆచారమే. పదో రోజు మిగతావి జరిపిస్తే ఆ పిల్ల దారి ఆ పిల్లది."

మిగతావి అంటే ఏమిటో వదినకీ తెలుసు, నాకూ తెలుసు. బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, తాళి తెంపుతారు. బంగారు గాజులు దేశానికి పోయాయి, మట్టిగాజులు పెదనాన్న ఎన్నికలకి కావలసి వచ్చాయి.

పురోహితుడు నసిగాడు. ఆచూకీ లేనివాడి కోసం పన్నెండేళ్ళు ఎదురుచూడాలని శాస్త్రమన్నాడు. "పన్నెండేళ్ళకి నేనుంటానా నువ్వుంటావా? శాస్త్రానికి మాత్రం తొందరుండదా?" అని పెదనాన్న కసిరాడు. పురోహితుడు పంచాంగం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

నాన్న ఒప్పుకున్నాడు. దీన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేను. పరిగెత్తినవాడి తండ్రి అనిపించుకోవడం కంటే చచ్చినవాడి తండ్రి అనిపించుకోవడం ఆయనకి సులువైంది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తూ, "మావయ్యా, పోయాడని గవర్నమెంటోళ్ళు చెప్పలేదు గదా. చెప్పిన్నాడు నేనే తీసేస్తాను" అంది. నాన్న ఆమె ముఖం చూడలేదు. "ఊరంతా ఒక మాటన్నాక మనమెంతమ్మా" అన్నాడు.

ఆ మాటతో వదిన ఏడుపు ఆగిపోయింది. ఆగిన ఏడుపు మంచిది కాదు.

దహనం వాగు ఒడ్డున చేయాలి. పెదనాన్న తన కల్లంలోనే చేయిస్తానన్నాడు. రోడ్డు పక్కన గనుక పోయే బస్సులవాళ్ళు చూస్తారట. దర్భలతో చిన్నబొమ్మ చేస్తే ఎవడి కంటికీ ఆనదు, నిలువెత్తు బొమ్మ కావాలి, దానికి ఖాకీ బట్టలు తొడగాలి. అన్నయ్య కిందటి సెలవులో వచ్చినప్పుడు ఒక జత ట్రంకుపెట్టెలో ఉంచి వెళ్ళాడు. వదిన దాన్ని నెలకోసారి ఎండబెట్టి, మడిచి, మళ్ళీ పెట్టేది. అదిమ్మన్నారు.

వదిన ఇచ్చింది. ఇస్తూ, "బొమ్మ నేను నింపుతాను మావయ్యా. నా మొగుడి బొమ్మ గదా" అంది. పెదనాన్న కళ్ళు చెమర్చాయి. "చూశారా, మహాపతివ్రత!" అని హోటలంతా చెప్పుకొచ్చాడు.

మహాపతివ్రత నన్ను కొట్టంలోకి పిలిచి తలుపేసింది. మూల తాలుకాయల బస్తాలున్నాయి. తాలుకాయంటే రంగు తేలిపోయిన మిరపకాయ. కొనేవాడు దాన్ని ఏరి పారేయమంటాడు. రంగు లేదు కానీ ఘాటుకేం తక్కువ లేదు. చేతుల్లో, కాళ్ళలో గడ్డి కూరి, పొట్టలోనూ ఛాతీలోనూ తాలుకాయలూ, రాలిన గింజలూ, కల్లం ఊడ్చిన దుమ్మూ దట్టించాం. పైన మళ్ళీ గడ్డి. ఇద్దరం ముక్కులకి తడిగుడ్డ కట్టుకుని పనిచేశాం. చొక్కా గుండీలు పెడుతూ వదిన ఒక్కసారి ఆ ఛాతీ మీద చెయ్యి వేసి, "ఏమనుకోకు" అంది. నాతో కాదు.

దహనానికి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. దండలు, నినాదాలు. జవాను వీరమరణం పొందాడనీ, చంపింది చైనావాడు కాదు, చలికి బట్ట ఇవ్వని ప్రధాని అనీ పెదనాన్న ఉపన్యాసం. మధ్యలో ఎవరో సైన్యం పారిపోయిందంటే, "మనవాడు పారిపోలా! మనూరి రక్తం నిలబడి చస్తుంది గానీ వెన్ను చూపదు" అన్నాడు. చప్పట్లు. నాన్న నిప్పు పెట్టాడు.

ముందు గడ్డి బాగానే మండింది. ఆ తర్వాత అంటుకుంది అసలుది.

ఇంట్లో పోపులో ఎండుమిరపకాయ మాడితేనే వీధిలోవాళ్ళు దగ్గుతారు. బస్తాడు తాలుకాయలు మాడితే ఏమవుతుందో ఆలోచించండి. గాలి కూడా మా వైపే ఉంది, జనం మీదికే పొగను తోసింది. మొదట మంత్రం ఆగింది. తర్వాత ఒక దగ్గు, ఆ వెంట వంద దగ్గులు. కళ్ళు మూతలు పడ్డాయి. "ఓర్నాయనో" అని ఎవడో పరుగందుకున్నాడు. అంతే. మనూరి రక్తమంతా వెన్ను చూపింది. కల్లంలోకి రాకముందు చెప్పులు అంచున విడిచారు కదా, వాటి కోసం ఆగిన మగాడు ఒక్కడు లేడు. పెదనాన్న పంచె ఊడుతున్నా ఆగలేదు, పొగాకు చేలో అడ్డంపడి పోయాడు. అన్నయ్య కోసం ఒక్క చుక్క కార్చని ఊరు ఆ సాయంత్రం దాకా ఏడ్చింది. నాకు కడుపు నిండింది. ఇప్పుడు తలుచుకున్నా నిండుతుంది.

నాన్నని నేను తడిగుడ్డ కప్పి అవతలికి లాగాను. వదిన పవిటచెంగు తడిపి ముఖానికి కట్టుకుని, బొమ్మ మీద కుండెడు నీళ్ళు గుమ్మరించింది. సగం కాలి ఆరిపోయింది. సగం దహనం లెక్కలోకి రాదని, అపశకునమని, పదో రోజుకి తనని పిలవొద్దని పురోహితుడు వాగులో కళ్ళు కడుక్కుంటూ చెప్పి వెళ్ళిపోయాడు. వదిన చేతులకి గాజులు ఉండిపోయాయి.

మర్నాడు ఆమె ఆ చెప్పులన్నీ గంపలకెత్తి, వార్తలవేళకి హోటల్ ముందు కుప్పపోసింది. రేడియో ఏదో చెబుతోంది, ఎవరూ వినలేదు. చీకటి పడ్డాక ఒక్కొక్కరే వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. పెదనాన్న రాలేదు. వస్తే పరిగెత్తినట్టు ఒప్పుకున్నట్టే కదా. గుంటూరు వెళ్ళి కొత్తవి కొనుక్కున్నాడు. వదిన ఆయన పాత కిర్రుచెప్పులు తెచ్చి మా అటక మీద పెట్టింది. ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం బస్సు దిగి అన్నయ్య కర్ర ఊతంతో నడిచి వచ్చాడు. చైనావాళ్ళు బందీలుగా పట్టుకున్నవాళ్ళని వదిలేశారు. మంచుకి కుళ్ళిపోయిన కుడికాలి వేళ్ళు కోసేశారు. హోటల్లో ఉన్నవాళ్ళలో లేచి పలకరించినవాడు లేడు. "చచ్చినోడికైతే దండ కొంటాం. పట్టుబడినోడికి ఏం కొంటాంరా" అన్నాడు పెదనాన్న, వినబడేలా. ఆ రోజు నుంచి ఊళ్ళో అన్నయ్య పేరు సగం కాలినోడు. పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. వాడు పలికేవాడు.

వదిన మాత్రం నీళ్ళు కాచి స్నానం చేయించింది. ఆ పాదం చూసి బయటికొచ్చి, గోడకి తల ఆనించి, ఆగిపోయిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

మరుసటి ఎండాకాలంలో ప్రధానమంత్రి పోయాడు. నమ్మండి, రేడియో ముందు గుండెలు బాదుకుని అందరికంటే గట్టిగా ఏడ్చింది మా పెదనాన్నే. దేశం అనాథ అయిపోయిందన్నాడు. ఊరేగింపు పెట్టించాడు. పదిమందిని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. ఆయనకి పటం కావాలి, మా గుమ్మం మీద ఉన్నంత పెద్దది ఊళ్ళో లేదు. నాన్న దించి ఇచ్చాడు. మూల పేడమరక అలాగే ఉంది. తర్వాత పెదనాన్న అన్నయ్య వైపు తిరిగాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు యూనిఫారం వేసుకుని పటం పట్టుకుని ముందు నడవాలి. జవానువి గదా."

అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "యూనిఫారం ఎక్కడుంది పెదనాన్నా? అది తొడిగే గదా నన్ను తగలబెట్టావు" అన్నాడు.

"అయ్యిందేదో అయ్యింది, ఇప్పుడదంతా ఎందుకురా, మహానుభావుడు పోతే" అన్నాడాయన, ఇంత సిగ్గు లేకుండా.

వదిన లోపలికి వెళ్ళింది. అటక మీద నుంచి ఆ కిర్రుచెప్పులు దించి, దుమ్ము దులిపి, తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. "ఎండగా ఉంది మావయ్యా, ఇవి వేసుకెళ్ళండి. కల్లంలో మర్చిపోయారు" అంది.

వెంట వచ్చినవాళ్ళందరూ వాటిని చూశారు. అందరికీ అవి ఎవరివో తెలుసు. పెదనాన్న వంగి కాసేపు చూసి, "నావి కావు" అని, పటం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాన్న లేచి ఊరేగింపులో అందరికంటే వెనక నడిచాడు.

అన్నయ్య ఆ చెప్పుల్లో ఒకటి తీసుకుని కుడికాలికి తొడిగి చూసుకున్నాడు. మంచి తోలు. వేళ్ళు లేని కాలికి అది నిలవలేదు.