కువైట్ బాబాయిగారు క్రేపు వేసిన సాయంత్రం

పక్కింటి బాబాయిగారు పోయారని అమ్మ కొత్తపేట నుంచి ఫోన్ చేసినప్పుడు నేను విశాఖపట్నంలో ఆఫీసు మెట్లు దిగుతున్నాను. పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోసి, అరుగు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు ఆలమూరు నుంచి వచ్చి కార్యం జరిపించాడు. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

ఊళ్ళో ఆయన్ని కువైట్ బాబాయిగారనేవారు. అక్కడేదో హోటల్లో చాలా ఏళ్ళు చేశారని తెలుసు గాని, ఏం పనో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఒంటరిగా ఉంటూ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునే వంట చేసేవారు. ఎవరికైనా పళ్ళెం పెడితే కాస్త తిప్పి, బాగున్న వైపు వాళ్ళ ముందుకి వచ్చేలా పెట్టేవారు. "కొంచెం పెట్టినా పర్లేదమ్మా, విసురుగా పెట్టకూడదు" అనేవారు.

కిందటేడు కంటి పరీక్షకి వచ్చి నా దగ్గర రెండు రోజులున్నారు. సాయంత్రం బీచికి వెళ్దామంటే మొహమాటపడుతూ అడిగారు.

"ఇక్కడ క్రేపులు, అదే ఆ పల్చటి ఫ్రెంచి అట్లు, వేసే చోటేదైనా ఉందేంటమ్మా?"

"ఉందండి. కానీ అది బారండీ బాబాయిగారూ."

"ఆయ్, పర్లేదు. నేను తాగను కదా."

లోపల పాటల హోరు. రంగురంగుల కాక్‌టెయిల్ గ్లాసులు పట్టుకుని కుర్రకారు గుంపులుగా నవ్వుకుంటున్నారు. వాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ కౌంటర్ దగ్గరికి చేరాం. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు.

"ఇరవై రెండేళ్ళు ఇవే వేశానమ్మా. ఇటువైపు కూర్చోడం ఇదే మొదలు."

ఆ మాటతో నాకు ఆయన ఉద్యోగమేమిటో తెలిసింది.

కౌంటర్ వెనక వంటాయన ఒడిశా మనిషి. పెనం మరీ కాలిపోయి పిండి చిరుగుతోంది. బాబాయిగారు ఆగలేకపోయారు. హిందీలో ఏదో చెప్పారు. అతను నవ్వి, పక్కకి జరిగి, పిండి పరిచే చెక్క ఆయన చేతికిచ్చాడు. ఆయన మణికట్టు ఒక్కసారి తిరిగింది. పెనమంతా పల్చగా, పూతరేకులా పరుచుకుంది. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీశారు. ఆయన దాన్ని మడిచి, పళ్ళెంలో పెట్టి, ఆ వంటాయనకే ఇచ్చారు.

"డ్యూటీలో తినకూడదు సార్" అన్నాడతను.

"తెలుసు" అన్నారు బాబాయిగారు.

తిరిగొచ్చి కూర్చున్నారు. మేం అడిగిన క్రేపులొచ్చాయి. ఆయన సగం తిని ఆపేశారు. బాగాలేదేమో అనుకున్నాను.

ఇంటికొస్తూ ఆటోలో చెప్పారు.

"మీ పిన్ని పోయిందని కబురొచ్చినప్పుడు నా ముందు పెద్ద లైనుందమ్మా. ఎవరిదో పెళ్ళి పార్టీ. అయ్యేదాకా ఆగమన్నారు. ఆగేను. ఎన్ని వేశానో తెలీదు. ఒక్కటీ చిరగలేదు. చెయ్యి వణకలేదేంటా అని ఇప్పటికీ అనుకుంటాను."

"ఇల్లొచ్చిందండి" అన్నాను.

మర్నాడు కొత్తపేట బస్సెక్కించాను. కిటికీలోంచి, "మంచిచోటు చూపించేవమ్మా" అన్నారు. ఊళ్ళో ఎవరికీ చెప్పని మాట నాకు చెప్పారు. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. జవాబుగా ఒక్క మాటైనా అనలేకపోయినందుకు మాత్రం నన్ను నేను క్షమించుకోలేను.

కొత్తపేట నుంచి తిరిగొచ్చిన శనివారం ఆ బారుకి వెళ్ళాను. ఆ ఒడిశా ఆయనకైనా ఈ కబురు చెబుదామనిపించింది. అతను మానేసి నెల్లాళ్ళయిందట. ఎక్కడికి వెళ్ళాడో అక్కడెవరికీ తెలీదు. కొత్త వంటాయన మర్యాదగా విని, "ఏం కావాలండీ?" అని అడిగాడు.

కౌంటర్ దగ్గర చోటు లేదు. గోడవారగా ఇద్దరు పట్టే బల్ల దగ్గర కూర్చున్నాను. పక్క బల్లకి ఇంకెవరో స్నేహితురాలు వచ్చినట్టుంది. ఒకమ్మాయి నా ఎదురుకుర్చీ మీద చెయ్యేసి, "ఎవరైనా వస్తారాండీ?" అంది.

"లేదమ్మా, తీసుకోండి" అన్నాను.

థాంక్సండీ అని నవ్వి, కుర్చీని రెండు చేతులతో తల మీదుగా ఎత్తి, ఆ పాటల్లోంచి, జనంలోంచి తీసుకెళ్ళిపోయింది.