ఒక తలకు రెండు తలపాగాలు

పెద్దమనిషి నెత్తిన రెండు తలపాగాలు చుట్టి, కాళ్లు కురచ చేయబోయిన ఘనుణ్ణి నేను. అదీ రాతిలో. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, చివరికి వచ్చేసరికి మీకు నా మీద జాలి కలిగినా కలగవచ్చు.

తొంభైల చివర్లో నంద్యాలలో నాకొక కంప్యూటరు, ఆళ్లగడ్డలో నా స్నేహితుడు బాషాకు ఒకటి ఉండేవి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీరాచారి కోసం ఇద్దరం కలిసి ఒక ప్రోగ్రాం రాస్తున్నాం. రాయి ఎత్తు చెబితే తల ఎంత, మొండెం ఎంత, కాళ్లెంత అని కొలతలన్నీ అచ్చువేసి ఇస్తుంది. ఆయన అడగలేదు, మేమే వెంటపడ్డాం. పోనీలే అని ఒక విగ్రహానికి ఒప్పుకున్నాడు. అది రిటైరైన ఒక హెడ్మాస్టరుగారిది. తలపాగా, చెప్పులతో నిలువెత్తుగా నిలబెట్టాలని పాత శిష్యుల ముచ్చట. ఉన్నది ఒకే రాయి. ఉలి తప్పితే మళ్లీ అతుక్కునే వస్తువు కాదు.

మాకు ఇంటర్నెట్టు లేదు. ప్రతిసారీ ప్రోగ్రాం మొత్తం పంపుకోకుండా, మార్చిన ముక్కను మాత్రం ఫ్లాపీలో వేసి బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాళ్లం. ఆ ముక్కలను అతుకులు అనేవాళ్లం. వాటిని దోసెల దొంతరలా నంబరు ప్రకారం ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి. అడుగు దోసె మాడిందని తెలిస్తే పైవన్నీ తీసి, దాన్ని మార్చి, మళ్లీ పేర్చాలి. ఇది బాషా పెట్టిన నియమం. మంచిదే. కాకపోతే దోసె మాడ్చింది ఎవరో ఒప్పుకోవాలి, అక్కడే నాకు చిక్కు వచ్చింది.

ఎందుకంటే మూడో అతుకులో బాషా ఎడమ చేతిని కుడి చేతి కంటే పొడుగు పెట్టాడు. నెల రోజులు నేను వాణ్ణి వదల్లేదు. ఫోను చేసిన ప్రతిసారీ "ఎడం చెయ్యి బాగుండాదా?" అని కుశలం అడిగేవాణ్ణి. అంతటి నేను, రెండో అతుకులో తలపాగా ఎత్తు ఒక అంగుళం తక్కువ వేశానని ఒకరోజు కనిపెట్టాను. వాడితో చెబుతానా? కొలత సరిచేసి, అదే తలపాగాను ఏడో అతుకుగా పంపుతూ చీటీ పెట్టాను: "ఇది కొత్తది. మిషను ఏమడిగినా అవును కొట్టు."

అతుకులు వేసే ప్రోగ్రాం రాసింది నేనే. ఉన్నదాన్నే మళ్లీ వేస్తే "ఇది ముందే ఉంది, అయినా వేయాలా?" అని అడుగుతుంది. అవునంటే పాతది తీసేసి కొత్తది పెడుతుందని నా నమ్మకం. అలా రాసినట్టు గుర్తు. అంతకు వారం ముందు బాషా ఆరో అతుకు పంపినప్పుడు కూడా ఏదో అడిగింది. చదవకుండా అవును కొట్టాను, కొంపేమీ మునగలేదు.

ఏడోది పంపిన రెండు రోజుల తరువాత తీరిక దొరికి, నేను రాసిందేమిటో తెరిచి చూశాను. పాతది తీయడం లేదు. దాని మీదే ఇంకొకటి పెడుతోంది. రాయి ఎత్తు పెరగదు గనక రెండో తలపాగాకు కావలసిన ఎత్తును కాళ్లలోంచి లాగుతోంది. బాషాకు ఫోను చేశాను.

"ఏడోది యేసినావా?"

"యేసినా. ఏందో అడిగింది. నువ్వు రాసినట్లే అవును కొట్టినా."

"ప్రింటు తీసినావా?"

"పొద్దున్నే తీసి ఆచారన్నకిచ్చినా. చెక్కుతాండాడు. ఏమి?"

"ఏం ల్యా. ఊరికే."

ఫోను పెట్టేసి బస్టాండుకు పరుగెత్తాను. దారంతా ఏం చెప్పాలా అన్నదే ఆలోచన. సిరివెళ్ల వచ్చేసరికి తప్పు ఫ్లాపీదని తేల్చాను. ఆళ్లగడ్డ చేరేసరికి కండక్టరుదని తేల్చాను. తీరా వీరాచారి ఉలి చప్పుడు వినగానే రెండూ మరిచిపోయాను.

"అన్నా, ఆపన్నా. తప్పు నాది. రెండో అతుకులో తలపాగా కొలత తప్పు రాసినా. బాషాకు చెప్పేదానికి సిగ్గయి, దాన్నే ఏడోదని పంపినా. ఇప్పుడు రెండు తలపాగాలయినాయి, కాళ్లు కురచయినాయి."

వెనకనుంచి టీ గ్లాసులతో వస్తున్న బాషా ఆగిపోయాడు. "అయితే రెండోదాంట్లో తప్పు నీదా?" అని నెమ్మదిగా అడిగాడు. నెల రోజుల ఎడమ చెయ్యి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

వీరాచారి ఉలి కింద పెట్టి, నూనె డబ్బా కిందనుంచి మా కాగితం లాగాడు. డబ్బా అడుగు మరక దాని మీద గుండ్రంగా పడింది.

"పొద్దున్నే చూసినా అప్పా. సారుకు రెండు తలపాగాలెందుకబ్బా అనుకున్యా. సదువుకున్న పిల్లోల్లు, అడిగితే బాగుండదని నా దారంతోనే కొలిచి గీసుకున్యా."

రాయి మీద ఎర్రగీతలు చూశాను. ఒకటే తలపాగా. నిండుగా కాళ్లు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రాతిపొడి పడిందని చెప్పుకోవచ్చు, కానీ ఆ రోజుకు అబద్ధాలు చాలనిపించింది.

"తలపాగా సంగతి తెలిసె," అన్నాడు వీరాచారి కాగితాన్ని కిందిదాకా చదువుతూ. "మరి చెప్పులేంది? ఇవీ రెండు జతలుండాయే."

చెప్పులు నాలుగో అతుకు. అది బాషాది. ఆరోదాంట్లో ఏముందో నేనెప్పుడూ అడగలేదు. వాడి వైపు తిరిగాను. వాడు రోడ్డు మీద పోతున్న జీపు నంబరును శ్రద్ధగా చదువుతున్నాడు.

"నాలుగోదాంట్లో మందం తప్పు పడింది," అన్నాడు చివరికి. "దాన్నే సరిచేసి ఆరోదని పంపినా. చెప్తే నువ్వు ఊరుకుంటావా? ఎడం చెయ్యితోనే సాలయింది నాకు."

ముగ్గురం చాలాసేపు నవ్వాం. నా నవ్వు మాత్రం మధ్యలో ఆగింది. నా నోటికి భయపడి వాడు దాచాడు, వాడి నోటికి భయపడి నేను దాచాను, ఇద్దరి మధ్యా హెడ్మాస్టరుగారి కాళ్లు పోబోయాయి. ఆ నూనె డబ్బా మీద చెయ్యి పెట్టి అక్కడే ప్రమాణం చేశాను. నా తప్పుకు కొత్త నంబరు వేసి పంపను. మిషను అడిగింది చదవకుండా అవును కొట్టను. ఇక ఈ జన్మలో ఎవరి ఎడమ చేతినీ పరామర్శించను.

బాషాను కూడా చెయ్యి పెట్టమన్నాను.

"పెడతా," అన్నాడు వాడు. "ఒగసారి సాలా, రెండుసార్లు పెట్టాల్నా?"