ముడివేయని పుస్తకాలు

ఇసోబె తోమె వ్రాసిన పాత్రప్రతులలో తప్పు దొరికింది, నేను ఎరిగినంతలో, ఒక్కసారే. ఒసాకాలోని మా నాటకశాలకు ఆమె ప్రతిలేఖకురాలు; నేను దీపాలు చూసేవాణ్ణి. రచయిత ఇచ్చిన నాటకంలో నుంచి ఒక్కొక్క నటుడి మాటలను విడదీసి, ఎదుటివారి మాటల చివరి నాలుగైదు అక్షరాలను మాత్రం గుర్తుకోసం చేర్చి, కుంచెతో చిన్న పుస్తకంగా వ్రాసి, పేనిన కాగితపు దారంతో కుట్టడం ఆమె పని. తండ్రి దగ్గర పదిహేనో ఏట నేర్చుకుంది. ఆ తప్పు దొరికేనాటికి ఆమెకు యాభై ఒకటి.

మా నాటక రచయిత కురాహషి గారి తొమ్మిది నాటకాలకూ పాత్రప్రతులు ఆమే వ్రాసింది. పదోదాని కోసం ఎనిమిదేళ్ళు ఎదురుచూసింది. ఆ సంగతి ఎన్నడూ నోట చెప్పలేదు. ఏటా వసంతంలో మినో అనే మేలురకం చేతికాగితం ఒక కట్ట కొని, తేమ తగలని పై అరలో, ఇతర పనులకు వాడకుండా ఉంచేది.

1956 అక్టోబరులో నాటకం వచ్చింది. మూడంకాలని ప్రకటించాం, వచ్చినవి రెండు. కొత్త నాటకాన్ని రచయితే నటులందరి ముందూ చదివి వినిపించడం మా ఆచారం. కురాహషి గారు గంటా నలభై నిమిషాలు చదివి, "మూడోది ఇంకా నాతో మాట్లాడటంలేదు" అన్నారు. అందరూ నవ్వారు. గోడవార కూర్చున్న తోమె నవ్వలేదు.

"ఎలా ఉందక్కా?" అని బయట అడిగాను.

"చేతిరాత బాగుంది."

కొంతదూరం నడిచాక తనే అంది: "ఎవరేం అనబోతున్నారో నాకు ముందే తెలిసిపోతోంది. ఆయన రాసినవాటిలో అలా ఎప్పుడూ లేదు."

ఆరు రోజుల్లో ప్రతులు పూర్తిచేసింది. మూడో అంకం చేర్చడానికి వీలుగా ఏ పుస్తకానికీ దారం ముడివేయలేదు.

మొదటి అభ్యాసంనాడు కథానాయిక హనాయో తన పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపింది. ఆమె కొంచెం బొద్దుగా ఉంటుంది. "తోమె అక్కా, ఇదింత బక్కగా ఉందేమిటి? నన్ను చూసి నేర్చుకోమను!"

రెండో అంకంలో, గుమ్మం దగ్గర నిలబడిన భర్తతో ఆమె మాట వచ్చింది: "వాన ఆగింది కదా, గొడుగు ఇంకా నీ తలమీదే ఎందుకుంది?"

కురాహషి గారు తలెత్తారు. "ఇంకోసారి చదువమ్మా."

ఆమె చదివింది.

"ఇది నేను రాయలేదు. కానీ నేను రాసినదానికంటే బాగుంది. ఎవరిదిది?"

తోమె నుదురు చాపకు ఆనించింది. "మీదేనండి గురువుగారూ. మీ మూడో నాటకంలోది. 'వాన ఆగింది కదా' అని మొదలయ్యేసరికి చెయ్యి అలవాటున పాతదాంట్లోకి వెళ్ళిపోయింది. మీరు ఇప్పుడు రాసింది 'ఇక బయల్దేరుదాం' అని."

"బాగుందంటున్నారుగా, ఉంచేస్తే పోలా!" అంది హనాయో.

కురాహషి గారు నవ్వలేదు. "ఉంచమంటే ఉంచుతావా, తోమె?"

"చెప్తే ఉంచుతాను. కానీ ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసింది, నాకు కంఠతా వచ్చిన మాట కోసం కాదండి."

తోమె రెండు వేళ్ళ వెడల్పున కాగితం కత్తిరించి, 'ఇక బయల్దేరుదాం' అని వ్రాసి, గంజితో ఆ గొడుగు మాటపై అతికించింది.

ఆ సాయంత్రం కురాహషి గారు రెండు అంకాలనూ వెనక్కి తీసుకువెళ్ళారు. నవంబరులో దాని బదులు ఆయన మూడో నాటకాన్నే వేశాం. రోజూ నాటకశాల నిండిపోయింది. "అదృష్టవంతురాలివి, కళ్ళు మూసుకుని రాసేయొచ్చు" అని హనాయో తోమెను ఆటపట్టించింది. నిజంగానే ఆమె ఒక్కసారి కూడా మూలప్రతి తిరగేయకుండా మూడు రోజుల్లో ముగించి, దారాలు గట్టిగా ముడివేసి ఇచ్చింది. గొడుగు మాటకు ప్రేక్షకులు నిట్టూర్చిన ప్రతిసారీ, తెర పక్కన ఆమె తల వంచుకునే ఉండేది.

ముడివేయని పుస్తకాలు నటుల దగ్గరనుంచి తిరిగి ఆమె పై అరకు చేరాయి.

ఏప్రిల్‌లో కాగితం కొనడానికి వెళుతూ నన్ను తోడు రమ్మంది. ఎప్పటిలాగే ఒక కట్టేనా అని దుకాణదారు అడిగాడు.

"అంత వద్దండి," అంది తోమె. "ఒక్క అంకానికి సరిపడా ఇవ్వండి చాలు."