పసుపు తాగిన కొలతదారం

నా రేకుపెట్టె మూత తీస్తే ఇప్పటికీ ముందు పసుపు వాసన వస్తుంది, ఆ వెనకే పాత నూలు వాసన. అడుగున చుట్ట చుట్టిన దారం ఒకటుంది. మా ఆయన పోయిన పదకొండో రోజున మా ఆడపడుచు పెట్టె సర్దుతూ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"వదినా, ఈ పసుపుతాడు ఇంకా ఉంచుకున్నావేటి? తీసి పారీ."

"అది మీ అన్నది కాదే, కణుజుది. పెట్టిలో పెట్టు" అన్నాను. ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపు ఆపి నా వంక చూశారు.

కణుజంటే పెద్ద దుప్పి. రాజాం అవతల ఒక దొర బంగళాలో మా అయ్య కొమ్ముల సావిడి చూసుకునేవాడు. వేట మీద ఇంకా నిషేధం రాని రోజులు. ఆ సావిడిలో కర్పూరం వాసన, ఆముదం గుడ్డ వాసన, పైన గబ్బిలాల వాసన కలిసి ఉండేవి. నాలుగు గోడల నిండా కొమ్ములే. మొదళ్ల దగ్గర కాకరకాయ తొక్కలా బుడిపెలు బుడిపెలుగా, నల్లగా ఉండి, పైకి పోయేకొద్దీ నునుపు తేలి, చెట్లకి రాసీ రాసీ కొసలు దంతంలా తెల్లబడి ఉండేవి. ఏడేళ్ల పిల్లని, వాటి కింద నిలబడితే ఆకులన్నీ రాలిన తోటలో ఒక్కదాన్నే నిలబడినట్టుండేది. గట్టిగా మాట్లాడడానికి నోరొచ్చేది కాదు.

"కొన్నాళ్లకి రాలిపోతాది, మళ్లీ మొలుస్తాదే గుంటా. గడ్డీ ఆకూ తిని ఇంత కొమ్ము మొలిపించుకోడమంటే ఏటనుకున్నావు?" అనేవాడు అయ్య. ఆ మాట విని నేను రెండు రోజులు గడ్డిపరకలు నమిలి నుదురు తడుముకున్నాను.

అయ్యకి అంకెలు రావు. కొత్త కొమ్ములు వస్తే మొదలు నుంచి కొస దాకా వంపు వెంట దారం పరిచేవాడు. ఎడమదాని పొడవు అయ్యాక అదే దారం మీద కుడిదాని పొడవు, ఆపైన మొదళ్ల లావు కలిపేవాడు. రెండు పక్కలూ సమంగా లేకపోతే ఆ తేడా ఎంతో అంత దారం కత్తిరించేసేవాడు. "ఒక పక్కే ఎదిగితే ఏటి లాభం, తల మొయ్యాల కదా" అనేవాడు. మిగిలిన దారమే ఆ జంతువు గొప్ప. దాన్ని కొయ్యకి తగిలించేవాడు. అన్నిటికంటే పొడుగు దారం దొరగారి తండ్రి తెచ్చిన కణుజుది. అన్నిటికంటే పెద్దవి కాబట్టి దాని కొమ్ములు నడి గోడన ఉండేవి, వాటిని దించడమన్నది లేదు. అయ్య ఆ దారం ఒక కొస కాలివేలి కింద తొక్కిపట్టి చెయ్యెత్తితే రెండో కొస సరిగ్గా వేళ్ల చివరికి వచ్చేది. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

వానలు వెనకబట్టి వరి పొట్టకొచ్చే రోజుల్లో గౌరమ్మ పండగ. వాకిట్లో బెల్లం పాకం పొంగుతుంటే, మా అమ్మ చలిమిడి ముద్దలు చేసి, ఇత్తడి గిన్నెలో పసుపు కలిపి తోరాలు ముంచుతోంది. అమ్మవారి దారానికి పసుపుంటే, అంత జంతువు దారానికి ఎందుకుండకూడదు అనిపించింది. పరుగున సావిడికి పోయి పెద్ద దారం తెచ్చి గిన్నెలో ముంచి, ఎండలో ఆరేశాను. అయ్య చూసి నవ్వాడు.

"కణుజుని ముత్తయిదువని సేసీసినావేటే!"

మళ్లీ కొయ్యకి తగిలించాడు. కొలిచి చూడాలని ఎవరికీ తట్టలేదు.

చలి ముదిరాక దొరగారి బావమరిది ఒక జత కొమ్ములు పట్టుకొచ్చాడు. నడి గోడ తనదేనని అందరి ముందూ మీసం దువ్వాడు. అయ్య కొలిచి, రెండు దారాలూ నేల మీద పక్కపక్కన పరిచాడు. కొత్తది బెత్తెడు పొడుగు. అయ్య పాత దారం తీసి కాలి కింద తొక్కి చెయ్యెత్తాడు. కొస వేళ్ల మొదళ్ల దగ్గరే ఆగిపోయింది.

"అయ్యా, పసుపు నీళ్లలో ముంచినాను కదా. అందుకే పొట్టయిపోనాదేమో" అన్నాను గుమ్మంలోంచి.

బావమరిది విరగబడి నవ్వాడు. "మీ దొర ఓడిపోతన్నాడని గుంట సేత సెప్పిస్తన్నావేట్రా?"

వచ్చినవాళ్లంతా నవ్వారు. ఆ సావిడిలో అయ్యకున్నదల్లా మాట ఒక్కటే. దాని మీద అప్పటిదాకా ఎవరూ నవ్వలేదు. అయ్య నా వైపు చూడలేదు. నిచ్చెన తెచ్చి, ఎన్నడూ దించని కొమ్ముల్ని దించి, కొత్త దారం తీసి బావమరిది వైపు చాపాడు.

"బాబూ, ఒక కొస తమరే పట్టండి."

వంపు వెంట అయ్య వేలు కొస దాకా పాకింది. కొలత అయ్యాక ఆ దారాన్ని బావమరిది దారం పక్కన పరిచి, మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూశాడు.

"బెత్తెడు కాదు బాబూ. సానా మట్టుకు పసుపు మింగీసినాది. గోరంత మాత్రం నిజిం. తమరి కణుజే పెద్దది."

ఎవరూ నవ్వలేదు. అయ్య మళ్లీ నిచ్చెనెక్కాడు. దొరగారు లేచి, కొత్త కొమ్ముల్ని తన చేతులతో ఎత్తి, నిచ్చెన మీదున్న అయ్యకి అందించారు.

ఇంటికి వెళ్లే దారంతా దెబ్బ ఎప్పుడు పడుతుందా అని వీపు బిగించుకుని నడిచాను. అయ్య పసుపు దారం నా చేతిలో పెట్టాడు. "ఇది ఇంక కొలతకి పనికిరాదు, నువ్వే ఉంచుకో. పొట్టయిపోతాదని నాకే ముందు తట్టుంటే ఆ నవ్వులు పడకపోదును."

ఇప్పుడు ఆ సావిడి పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారు. మొన్న భోజనానికి వెళ్తే, నడి గోడన కొమ్ములున్న చోట ఏసీ మిషను నీళ్లు కారుతోంది. వేట ఆగింది, మంచిదే. కానీ కొండ వైపు నుంచి కణుజు అరుపు విని ఎన్నేళ్లయిందో. అయ్య లేడు. కొలిచేవాళ్లూ లేరు, కొలవడానికి జంతువూ లేదు.

అప్పుడప్పుడు తలుపు వేసుకుని ఆ దారం కొస కాలివేలి కింద తొక్కిపట్టి చెయ్యెత్తుతాను. చిన్నప్పుడు అందేది కాదు. కాపరానికొచ్చాక అందింది. ఇప్పుడు నడుం వంగింది, భుజం లేవదు, దారం ఇంకా మిగిలే ఉంటుంది. పసుపు అంత మింగినా, ఆ జంతువు మళ్లీ నన్ను దాటిపోయింది.